జానెడు మీద బొటనవేలెత్తు బండ

మా కోడలి బండిని ఎత్తు పెంచాలన్న మాట ఇంట్లో పుట్టిన రోజు నుంచీ నాకు కాలు నిలవలేదు. కూర్చుంటే లేవాలనిపిస్తుంది. లేస్తే వాకిట్లోకి వెళ్ళాలనిపిస్తుంది. వాకిట్లోకి వెళితే మబ్బు నిన్నటి కంటే ఎంత దిగిందో కొలవాలనిపిస్తుంది. "ముళ్ళు కుర్చీకున్నాయా, మీకే మొలిచాయా?" అని మా ఆవిడ కుర్చీ తిరగేసి చూసింది కూడా.

ముళ్ళు కుర్చీకి లేవు. కోడలి బండిలో డ్రైవరు పక్క సీటుకున్నాయి. ఆ సీటు నాది. ఈ వానాకాలం కూడా అది నాదిగా ఉంటుందా, ఊడుతుందా అన్నదే నా బాధ.

మావాడు బేకరీలో బ్రెడ్డు కాలుస్తాడు, కోడలు టవర్లెక్కుతుంది. ఫోను టవర్లు. కొండ మీదున్న టవరు ఒక్కటి పడుకుందంటే పైనున్న ఊళ్ళన్నీ మూగపోతాయి. పాము కరిచినా, నొప్పులొచ్చినా అంబులెన్సుకు కబురందదు. అప్పుడు కోడలు బ్యాటరీలు, డీజిలు డబ్బాలు బండిలో వేసుకుని పరుగెత్తాలి. వానాకాలంలో ఆ కొండ మీద పొగమంచు పడితే బానెట్టు కూడా కనపడదు. ఫోన్లో మ్యాపు చూద్దామంటే అది ఎప్పుడో కూలిపోయిన పాత వంతెన మీదుగా పొమ్మంటుంది. పాపం, దానికి కబురందలేదు.

అందుకని నేను. నలభై ఏళ్ళు లారీ నడిపినవాణ్ణి. నా కబుర్లు మా వీధిలో ఎవరూ నమ్మరు, అలాగని వినడమూ మానరు. ఒకసారి అదే కొండ మీద మంచు ఎంత దట్టంగా పట్టిందంటే, సైకిలుకు స్టాండు వేయకుండా మంచుకే ఆనించి వెళ్ళాను. మంచు విడిచాక గానీ సైకిలు కింద పడలేదు. ఇలాంటివి చెప్పినప్పుడల్లా మా ఆవిడ, "ఈయన పది అంటే ఒకటి అనుకోండి, అదీ అరువుదనుకోండి" అని పక్కనుంచి సర్దుతూ ఉంటుంది.

కానీ నా చొక్కా జేబులో అరచేయంత పుస్తకం ఒకటుంది. నోటినిండా కోతలుంటే ఉండనీ, ఆ పుస్తకంలో ఒక్క అబద్ధం లేదు. కొండ కింద పెట్రోలు బంకు దగ్గర మీటరు సున్నా కొడితే, అక్కడి నుంచి ఏది ఎన్నో కిలోమీటరులో వస్తుందో పాయింట్లతో సహా రాసి ఉంటుంది. రెండు పాయింటు రెండు దగ్గర చిన్న వంతెన. ఆరు పాయింటు ఆరు దగ్గర కల్వర్టు, గతుకు. తొమ్మిది పాయింటు తొమ్మిది దగ్గర నడిదారిలో బండ. పదమూడు పాయింటు రెండు దగ్గర చీలిక. ఎడమకు తిరిగితే టవరు, తిరగకపోతే లోయ. మంచులో కోడలు స్టీరింగు చూసుకుంటుంది, నేను మీటరు చూస్తూ పుస్తకం చదువుతాను. నా కళ్ళు దూరం చూడవు గానీ దగ్గరి అంకెలు బాగానే చూస్తాయి.

పోయిన వానాకాలం బండి ఆ బండ మీద పొట్ట ఆనించి కూర్చుంది. తాబేలును స్టూలు మీద పెట్టినట్టు నాలుగు చక్రాలూ తిరుగుతాయి, బండి కదలదు. ఒక పగలంతా అక్కడే. టవరు దగ్గరికి చేరేసరికి పైఊళ్ళో ఒక ముసలాయన ఊపిరి ఆగిపోయింది. ఫోను పనిచేస్తే బతికేవాడో లేదో ఎవరికీ తెలియదు. కోడలు మాత్రం ఆ సంగతి మళ్ళీ ఎత్తలేదు. ఎత్తకపోగా, ఈ ఏడు మబ్బు పట్టగానే రెండు నిర్ణయాలు చెప్పింది.

"బండి ఎత్తు పెంచుతున్నాను మామయ్యా. టైర్లు కూడా పెద్దవి వేయిస్తాను."

"శుభం."

"మీరు మాత్రం ఈసారి ఇంట్లోనే ఉండండి. ఎత్తు బండి, మీ మోకాళ్ళకు కష్టం. ఆ పుస్తకం నాకివ్వండి, నేనే చదువుకుంటాను."

"మా వాణ్ణి నీకిచ్చాను, చాలలేదూ? పుస్తకం కూడానా?"

నవ్వింది గానీ మాట వెనక్కి తీసుకోలేదు. చివరికి, "సరే, మొదటి ట్రిప్పుకి రండి. ఆ ట్రిప్పు చూసి అప్పుడు చెబుతాను" అంది. పరీక్ష పెట్టింది అన్నమాట. ఈ వయసులో నాకు!

బండ్లు ఎత్తేవాణ్ణి మా దగ్గర జాకీ అంటారు. కన్నవాళ్ళు పెట్టిన పేరేమిటో అతనికే గుర్తున్నట్టు లేదు. మనిషి డ్రమ్ములా ఉంటాడు, చెవి వెనక సుద్దముక్క. షెడ్డు నిండా కొత్త రబ్బరు వాసన. గోడ పొడుగునా టైర్లు చిన్న నుంచి పెద్దకు నిలబెట్టి, ఒక్కోదాని మీద అంగుళాలు సుద్దతో రాశాడు. నేను లోపలికి వెళ్ళి చివరిదాని పక్కన నిలబడ్డాను. నా నడుం దాకా వచ్చింది.

"ఇది వెయ్యి. బండిని ఆరంగుళాలు లేపు," అన్నాను.

"పెద్దాయనా, బండి ఎక్కి కొండకు పోతారా, బండినే కొండ చేస్తారా?"

"మా రోజుల్లో నేను నడిపిన లారీ ఎంత ఎత్తో తెలుసా? రేడియేటరు మీద గద్ద గూడు పెట్టింది. పిల్లలు ఎగిరిపోయేదాకా హారన్ కొట్టలేదు నేను."

"గద్ద టికెట్టు తీసుకుందా?" అన్నాడు జాకీ.

కోడలు టైర్ల వరస చూస్తూనే, "మామయ్యా, ఒక్క నిమిషం," అంది. ఆ ఒక్క నిమిషానికి అర్థం నోరు మూసుకోమని. జాకీ బండి కిందికి టార్చి వేసి చెప్పడం మొదలెట్టాడు.

"స్ప్రింగు మీద దిమ్మ పెడితే రెండంగుళాలు లేస్తుందమ్మా. తేలిక పని. కానీ అది చెప్పుల కింద ఇటుకలు కట్టుకోవడం లాంటిది. ఎత్తు కనపడుతుంది, నడక మారదు. స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు, బ్రేకు గొట్టాలు, అన్నీ పొడుగువి వేస్తే మూడంగుళాలు లేస్తుంది, నడకా బాగుంటుంది. ఆరు మాత్రం వద్దు. అడ్డవాలులో పక్కకి పడుకుంటుంది."

"రెండు చాలు," అంది కోడలు. "టైరు ముప్పై ఒకటిన్నర వేద్దాం. ఇప్పుడున్నవి ముప్పై కదా. మరీ పెద్దవైతే స్టీరింగు బరువు, డీజిలు కూడా తాగుతుంది."

నాకు కాళ్ళు దురద పెట్టాయి. అటు వెళ్ళి ఇటు వచ్చాను. బయట మొదటి చినుకులు రేకుల మీద పడుతున్నాయి. వీళ్ళు ఇక్కడ పెళ్ళిసంబంధం చూసినట్టు టైర్లు చూస్తున్నారు.

జాకీ వెనక ఇరుసు మధ్యనున్న ఇనప గుండు మీద సుద్దతో గీత గీశాడు. "ఒక్కటి గుర్తు పెట్టుకోండి. స్ప్రింగులు పొడుగైతే బండి నడుం లేస్తుంది, ఈ గుండు లేవదు. ఇరుసుండేది టైరు నడిమధ్యన. దాన్ని లేపాలంటే టైరే పెరగాలి, అదీ పెరిగినదాంట్లో సగమే లేస్తుంది. ఇప్పుడు నేలకీ దీనికీ తొమ్మిదంగుళాలు. పోయినేడు మిమ్మల్ని ఆపిన బండ ఎత్తెంత?"

కోడలు నా వైపు చూసింది. షెడ్డులో అడుగుపెట్టాక మొదటిసారి.

నేను తొందర పడలేదు. పుస్తకం తీసి, కళ్ళద్దాలు తుడిచి, పేజీ తిప్పి చదివాను. "తొమ్మిది పాయింటు తొమ్మిది. నడిదారిలో బండ. పక్కనుంచి పోయే వీలు లేదు. ఎత్తు జానెడు మీద బొటనవేలు."

"ఎవరి జానెడు?"

చెయ్యి చాపాను. జాకీ టేపు పెట్టి చూశాడు. జాన తొమ్మిది, బొటనవేలు అడ్డంగా ఒకటి. పదంగుళాలు.

"ముప్పై ఒకటిన్నర వేస్తే గుండు ముప్పావంగుళం లేస్తుంది," అన్నాడు జాకీ. "బండ ముప్పావు దగ్గర ఆగదుగా. ముప్పైమూడు వెయ్యాలి. పదిన్నరకొస్తుంది. ముప్పైమూడు మడ్‌గార్డుకు రాసుకోకుండా ఉండాలంటే పొడుగు స్ప్రింగుల కిట్టు, మూడంగుళాలది."

కోడలు తల ఊపింది. ముప్పైమూడు టైరు, మూడంగుళాల ఎత్తు. ఆరు అడిగిన నేను మూడుతో ఓడిపోయినా, నా పుస్తకం గెలిచింది. ఛాతీ ఎంత పొంగిందంటే చొక్కా గుండీ ఒకటి ఎగిరి జాకీ కాఫీ కప్పులో పడింది. సరే, కప్పు పక్కన పడింది.

పని రెండు రోజులు పట్టింది. ఆ రెండు రోజులూ నేను షెడ్డుకీ ఇంటికీ మధ్య మగ్గంలో కండెలా తిరిగాను. రెండో రోజు మధ్యాహ్నం చివరి టైరు బిగిస్తుండగా కంపెనీ వాళ్ళ ఫోను వచ్చింది. కొండ మీది టవరు పడుకుంది. కోడలు మాట్లాడుతూ బయటికి వెళ్ళింది. అప్పుడే జాకీ బోల్టు బిగిస్తూ నాతో అన్నాడు:

"పెద్దాయనా, టైరు పెద్దదైతే మీటరు తక్కువ చూపిస్తుంది. దాన్ని సరిచేసే సామాను రేపు వస్తుంది. వచ్చాక ఓ గంట పని. ఆగుతారా?"

"కొండ మీద స్పీడు చూసే పోలీసు ఎవడయ్యా? టవరు పడుకుంటే మీటరు కోసం ఆగుతామా? బిగించు, బిగించు."

"అమ్మాయిగారికి కూడా చెప్పండి మరి."

"చెబుతాలే."

చెప్పలేదు. మర్చిపోయానంటే పూర్తి నిజం కాదు. చెబితే ఆగుదామంటుందేమో, ఆగితే ఇంకా ఆలోచిస్తుందేమో, ఆలోచిస్తే నన్ను దింపేస్తుందేమో. ఆ గుబులు.

మర్నాడు తెల్లారగానే బయల్దేరాం. బండి ఎక్కడానికి నేను చిన్న పీట ఒకటి తయారు చేసుకున్నాను. దానికి తాడు కట్టి, ఎక్కాక పైకి లాక్కునేలా. మా ఆవిడ గుమ్మంలో నిలబడి చూసింది.

"నిచ్చెన తేనా? లేక కోడల్నే క్రేన్ తెమ్మందునా?"

"నవ్వు, నవ్వు. తిరిగొచ్చాక నేను కిందికి చూసి మాట్లాడతాను, నువ్వు పైకి చూసి మాట్లాడాలి."

బంకు దగ్గర మీటరు సున్నా కొట్టాను. కిలోమీటరు కూడా పోకుండానే మంచు కమ్మింది. హెడ్‌లైట్ల వెలుగు బండి ముందే గోడకు కొట్టుకున్నట్టు ఆగిపోతోంది. కోడలు ముందుకు వంగి, గేరు మార్చకుండా నడుపుతోంది. నా చూపుడువేలు పుస్తకం మీద, కళ్ళు మీటరు మీద.

మీటరు రెండు దగ్గర చక్రాల కింద చప్పుడు మారింది. వంతెన. నా పుస్తకంలో రెండు పాయింటు రెండు. సున్నా కొట్టడం ఆలస్యమైందేమో అనుకున్నాను. పైకి అనలేదు.

ఆరు దగ్గర బండి ఎగిరి పడింది.

"కల్వర్టు చెప్పలేదేం మామయ్యా?"

"చెబుదామనుకునే లోపే వచ్చేసింది. పెద్ద టైర్లు కదా, తొందరగా నడుస్తున్నాయి."

ఆమె నవ్వింది. నాకు నవ్వు రాలేదు. మోకాలు దానంతటదే ఊగడం మొదలెట్టింది. చేత్తో నొక్కి పట్టుకుంటే రెండోది ఊగింది. ఇరవై ఏళ్ళుగా ఆ కల్వర్టు ఆరు పాయింటు ఆరు దగ్గరే ఉంది. కల్వర్టులు నడవవు. నడిచాయని గతంలో నేను ఒకరిద్దరికి చెప్పాను గానీ, అవి నడవవు.

బండ తొమ్మిది దగ్గరే వచ్చింది. లైటు వెలుగు దాని మీద పడగానే కోడలు ఆగి, మొదటి గేరులో, గుడ్డు మీద అడుగేసినట్టు ఎక్కించింది. కింద ఇనుము గీరుకున్న చప్పుడు రాలేదు. వెనక చక్రాలు దిగాయి. బండి మెత్తగా ఊగి నిలబడింది.

"జానెడు మీద బొటనవేలు!" అని కోడలు స్టీరింగు మీద చరిచింది. "మీ పుస్తకం పుస్తకమే మామయ్యా! ఇక చీలిక పదమూడు పాయింటు రెండు కదా? అప్పటిదాకా నేను రోడ్డు తప్ప ఏమీ చూడను. మీరే చెప్పాలి."

పొగిడింది. తప్పుందంటే సీటు పోతుంది. తప్పు లేదని ఊరుకుంటే? ఆ ఊరుకోవడం చివర ఏముందో నాకు తెలుసు. చీలిక దాటితే పాత రోడ్డు, పాత రోడ్డు అంచున వంతెన లేదు. అడ్డంగా పెట్టిన డ్రమ్ములను పోయినేడు వరద పట్టుకుపోయింది.

పది దాటింది. పది పాయింటు ఐదు. పెద్ద టైరు, తక్కువ మీటరు, జాకీ మాట ఇప్పుడు వినిపించింది. తక్కువంటే ఎంత తక్కువ? రెండుకు వచ్చింది నా రెండు పాయింటు రెండు. ఆరుకు వచ్చింది ఆరు పాయింటు ఆరు. తొమ్మిదికి తొమ్మిది పాయింటు తొమ్మిది. ఇరవై రెండు, అరవై ఆరు, తొంభై తొమ్మిది. ఈ అంకెలు నేనెక్కడో విన్నాను. వినడమేమిటి, దెబ్బలు తిన్నాను. మా పంతులుగారు తడికెల బడిలో బెత్తం పట్టుకుని, ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి చెప్పించిన ఎక్కం. మిగతా ఎక్కాలకు నేను నీళ్ళు నమిలేవాణ్ణి. ఇది ఒక్కటే తేలికని గట్టిగా అరిచేవాణ్ణి. పదకొండో ఎక్కం. పదకొండు తొమ్మిదులు తొంభై తొమ్మిది, పదకొండు పదులు నూట పది, పదకొండు పదకొండ్లు నూట ఇరవై ఒకటి, పదకొండు పన్నెండ్లు—

నూట ముప్పై రెండు. పదమూడు పాయింటు రెండు.

చీలిక పన్నెండుకే వస్తుంది. మీటరు పదకొండు పాయింటు ఆరు చూపిస్తోంది.

"అమ్మాయ్, ఆపు."

"ఏమైంది?"

"నా పుస్తకం తప్పు చెబుతోంది. ఆపు."

కోడలు కళ్ళు రోడ్డు మీది నుంచి తియ్యలేదు. "ఈ మంచుకు సైకిలు ఆనించిన కథేనా? ఇంటికెళ్ళాక చెప్పండి. ఇంకా కిలోమీటరున్నర ఉంది."

పదకొండు పాయింటు ఏడు. జీవితమంతా వాగినందుకు మూల్యం ఇదే కాబోలు. అవసరానికి ఒక్క నిజం చెబితే దాన్ని కొనేవాడు లేడు. అరిస్తే ఉలిక్కిపడి స్టీరింగు తిప్పుతుందేమోనని భయం. పుస్తకం మూసి జేబులో పెట్టేశాను. బళ్ళో నిలబడి చెప్పినట్టు, ఒక్కో మాటా విడదీసి చెప్పాను.

"వంతెన రెండుకే వచ్చింది. పదకొండు రెళ్ళు ఇరవై రెండు. కల్వర్టు ఆరుకే వచ్చింది, నువ్వే అడిగావు. పదకొండు ఆర్లు అరవై ఆరు. బండ తొమ్మిదికి. పదకొండు తొమ్మిదులు తొంభై తొమ్మిది. కొత్త టైర్లకి మీటరు పది చెబితే మనం పదకొండు పోయాం. పదకొండు పన్నెండ్లు నూట ముప్పై రెండమ్మా. చీలిక పన్నెండుకి."

పదకొండు పాయింటు తొమ్మిది దగ్గర బండి ఆగింది.

"ఇది కథ కాదు కదా?" అంది చిన్న గొంతుతో.

పీట సంగతి గుర్తుకు రాలేదు. సీటు పక్కనున్న చేతికర్ర అందుకుని, తలుపు తీసి కిందికి దూకాను. నేల అనుకున్నదాని కన్నా మూడంగుళాలు, దాని మీద ఇంకో ఒకటిన్నర దూరంగా ఉంది. ఎంత ఎత్తు పెంచామో నా మోకాళ్ళకు జాకీ కంటే బాగా తెలిసింది. మెడలో తువ్వాలు తీసి ఊపుతూ ముందు నడిచాను. కోడలు నా వెనక నడక వేగంతో బండి తెచ్చింది. నూట ఇరవై అంగల్లో కర్ర దేనికో తగిలింది. సగానికి విరిగిన కరెంటు స్తంభం, దాని మీద పోయినేడు నేను పూసిన ఎర్రరంగు. చీలిక.

నేరుగా ఇంకొంచెం ముందుకు వెళ్ళి, రాయి ఒకటి తీసి మంచులోకి విసిరాను. పడ్డ చప్పుడు వినపడలేదు. ఇంకో సందర్భమైతే ఆ రాయి ఇప్పటికీ పడుతూనే ఉందని చెప్పేవాణ్ణి. అప్పుడు మాత్రం వెనక్కి తిరిగి స్తంభం పట్టుకుని కాసేపు నిలబడ్డాను.

టవరు దగ్గర కోడలు రెండు గంటలు పనిచేసింది. జనరేటరు దగ్గి లేచింది. ఆమె ఫోను ఒక్కసారిగా టింగు టింగుమంది. ఆ తర్వాత చేతులు తుడుచుకుంటుంటే జాకీ చెప్పిన మాట, నేను దాచిన మాట, రెండూ చెప్పేశాను. దాచి దిగివచ్చే ధైర్యం లేక.

"మీకు ముందే తెలుసా?"

"తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"సీటు పోతుందని."

తుడిచిన చేతులనే మళ్ళీ తుడుచుకుంది. కొండ దిగుతున్నంతసేపూ నేను వేళ్ళు విరుచుకున్నాను, కిటికీ దించాను, ఎత్తాను, మళ్ళీ దించాను. ఆమె చెయ్యి చాపి కిటికీ ఎత్తేసింది. అంతే.

ఇంట్లో సంగతి విని మా ఆవిడ చాలాసేపు నా మోకాళ్ళకు నూనె రాసింది. చివరికి, "ఇన్నాళ్ళూ మీటరు నిజం చెప్పేది, మీరు కోతలు కోసేవారు. అది కోయడం మొదలెట్టేసరికి మీకు నిజం చెప్పక తప్పలేదు," అంది. నూనె మరీ గట్టిగా రాసింది.

మర్నాడు కోడలు బండి తీసుకుని ఒక్కతే జాకీ దగ్గరికి వెళ్ళింది. మీటరు సరిచేయించడానికి గంట. గంటయింది. రెండయ్యాయి. నేను వాకిట్లో పచార్లు చేస్తూ లెక్కపెట్టాను. ఆ వాకిలి పొడుగు పదకొండు అంగలు. మూడో గంటకు బండి వచ్చి ఆగింది.

నా వైపు తలుపు కింద ఏదో మెరుస్తోంది. ఇనప మెట్టు. కొత్తగా వెల్డింగు చేసింది, కాలు జారకుండా పైన గరుకు రేకు. లోపల తలుపు పక్కన పట్టుకోవడానికి కడ్డీ కూడా. డ్రైవరు వైపుకు వెళ్ళి చూశాను. అటు మెట్టు లేదు.

"ఇదెవరికి?" అన్నాను.

"మీక్కాదు, మీ ఎక్కానికి," అంది కోడలు. ఇంకా కోపం పోలేదు, మొహం చూస్తే తెలుస్తోంది. "రేపు కంపెనీ పని లేదు. మీటరు సరిగ్గా ఉందో లేదో బంకు నుంచి టవరు దాకా మళ్ళీ కొలవాలి. ప్రతి గుర్తు దగ్గరా ఆపుతాను, దిగి చూసి టిక్కు పెట్టాలి. ఇంకోసారి ఏదైనా నా దగ్గర దాస్తే—"

"దాచను."

"మెట్టు కోయించేస్తాను."

ఒక్కసారి ఎక్కి చూశాను. జానెడు మీద జానెడు ఎత్తులో ఉంది, కాలు సరిగ్గా ఆనింది. దిగి, మళ్ళీ ఎక్కాను. మా ఆవిడ గుమ్మంలోంచి, "ఎక్కడాలు, దిగడాలు అయ్యాయా? దిగండి, ప్రయాణం రేపు, ఇంకా ఇవాళే నడుస్తోంది," అని కేక వేసింది. ముళ్ళ కుర్చీలో కూర్చుని తెల్లారేదాకా ఎవరాగుతారు? పుస్తకం తీసి, పెన్సిలు చెక్కుకుని, ఆ సీట్లోనే కూర్చున్నాను.